మొదట అందేది పక్కింటి చెయ్యే

(గోదావరి లంకల్లో, తీర గ్రామాల్లో పని చేస్తున్న స్త్రీ సంఘాల కార్యకర్తల కోసం రాజమండ్రిలో జరిగిన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



విపత్తుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన వాళ్ళకి వరద గురించీ తుఫాను గురించీ కొత్తగా చెప్పేదేముంటుంది? మీలో చాలామంది ఏటిగట్టు మీద పాకలేసుకుని, పిల్లల్నీ గొడ్లనీ పక్కనే పెట్టుకుని రోజుల తరబడి గడిపినవాళ్ళే. అందుకని నేను వరద కష్టాల గురించి కాకుండా ఒక ప్రశ్న గురించి మాట్లాడతాను. ఆపద వచ్చిన మొదటి గంటల్లో మనుషుల్ని కాపాడేదెవరు? ఆ పనికి శిక్షణ ఎవరికి ఇస్తున్నారు? ఈ రెండు ప్రశ్నలకీ ఒకటే జవాబు రావాలి. రావడం లేదు. ఎందుకు రావడం లేదన్నది మన హక్కులకి సంబంధించిన విషయం అని నా అభిప్రాయం.

కాపాడింది ఎవరు?

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో 77 మంది వున్నారు. బతికింది 26 మంది. వాళ్ళని నీళ్ళలోంచి లాగి ఒడ్డుకి చేర్చింది ప్రభుత్వ దళాలు కావు. దగ్గర్లో వున్న తూటుగుంట గిరిజనులు నాటు పడవలేసుకుని వచ్చి కాపాడారు. దళాలు వచ్చేటప్పటికి మిగిలిన పని శవాలని వెతకడమే. నెల దాటాక ఆ బోటుని నది అడుగునుంచి బయటికి తీసింది కూడా కాకినాడ వాడైన ధర్మాడి సత్యం బృందమే.

ఇది దళాలని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. వాళ్ళు రావడానికి రోడ్డు కావాలి, ఫోను పనిచేయాలి, సమయం కావాలి. నీళ్ళలో పడ్డ మనిషికి అంత సమయం వుండదు. నాలుగైదు నిమిషాల్లో చెయ్యి అందించేది పక్కనున్న మనిషి మాత్రమే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చి గట్లకి గండ్లు పడ్డప్పుడూ, 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణాన తుఫాను తీరం దాటినప్పుడూ జరిగింది ఇదే. పక్కింటి డాబా మీదకి చేరినవాళ్ళు బతికారు. అరటి బోదెలు కట్టిన తెప్ప మీద పక్కింటివాళ్ళు తీసుకెళ్ళిన వాళ్ళు బతికారు. చెట్టు కూలి తాటాకింటి మీద పడితే మర్నాడు పొద్దున్న కొట్టి తీసింది ఆ పేట వాళ్ళే.

కాబట్టి స్థానిక వలంటీర్లు అనే మాట ప్రభుత్వ పథకాల్లో పుట్టింది కాదు. పథకం రాకముందే వాళ్ళు వున్నారు. ఇప్పుడు జరగాల్సింది వాళ్ళ పనిని గుర్తించడం, దానికి నేర్పు కలపడం, చేతిలో సామాను పెట్టడం. ఆ గుర్తింపు దగ్గరికి వచ్చేసరికే స్త్రీల పేర్లు జారిపోతున్నాయి.

హెచ్చరిక ఎక్కడిదాకా వస్తోంది?

మన తీరం అనుభవమే తీసుకుందాం. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తినప్పుడు పది వేలమంది దాకా చనిపోయారు. పదమూడేళ్ళ తర్వాత 1990 మే 9న అంతే తీవ్రమైన తుఫాను ఇంచుమించు ఆ తీరాన్నే తాకింది. ఈసారి చనిపోయింది 967 మంది. ఒక్క ప్రాణమైనా చిన్న సంఖ్య కాదు. కానీ ఆ తేడా ఎలా వచ్చిందో మనం చూడాలి. గాలి తగ్గి కాదు. ముందుగా చెప్పి, ఆరు లక్షలమందికి పైగా జనాన్ని తరలించారు గనుక.

అయితే 1996లో మన కోనసీమలో మళ్ళీ వెయ్యిమందికి పైగా పోయారు. ఆరు లక్షల ఇళ్ళకి పైగా దెబ్బతిన్నాయి. బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి మత్స్యకార గ్రామాల నుంచి వేటకి వెళ్ళినవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. హెచ్చరిక వున్నా, సముద్రం మీద వున్న పడవకి అది చేరే దారి వుండాలి కదా.

ఇవాళ సెల్‌ఫోను వుంది, టీవీ వుంది. మరి హెచ్చరిక అందరికీ చేరుతోందా? ఈ మాట వినండి: "ధవళేశ్వరం వద్ద రెండో ప్రమాద హెచ్చరిక జారీ." ఇది విన్న లంక గ్రామం స్త్రీకి ఏం తెలుస్తుంది? తన ఇంట్లోకి నీళ్ళు వస్తాయా? ఎప్పుడు వస్తాయి? ఇవాళ రాత్రి వంట చేసుకోవచ్చా, ఇప్పుడే గొడ్లని విప్పి మెరక మీదకి తోలాలా? హెచ్చరికలో ఇవేవీ వుండవు.

ఆ లెక్కలు మనం నేర్చుకోవాలి. కష్టమైనవేమీ కాదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి, అంటే 10 లక్షల క్యూసెక్కులకి, మొదటి హెచ్చరిక. 13.75 అడుగులకి, 13 లక్షల క్యూసెక్కులకి, రెండోది. 17.75 అడుగులకి, 17 లక్షల క్యూసెక్కులకి, మూడోది. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజే మనకున్న గడువు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. సాధారణంగా ఆగస్టులో ఎదురుచూసే నీరు జూలై మధ్యలోనే వచ్చింది. అంటే పాత అలవాటు ఒక్కటే చూసుకుని కూర్చుంటే చాలదు, అంకె కూడా తెలియాలి.

కానీ అంకె తెలిస్తే సగమే అయింది. మిగతా సగం మీ రేవులో వుంది. బట్టలుతకడానికీ, గిన్నెలు తోమడానికీ, నీళ్ళకీ రోజూ రేవులోకి దిగేది ఎవరు? ఏ మెట్టు మునిగితే ఏ సందులోకి నీరొస్తుందో, ఏ మెట్టు మునిగితే కాజ్‌వే మీద మనుషులు నడవలేరో వాళ్ళకి తెలుసు. ఆ ఎరుకని ధవళేశ్వరం అంకెతో కలిపితే అది మీ వూరి హెచ్చరిక అవుతుంది. కరెంటు స్తంభం మీదా, గుడి మెట్ల మీదా, బడి గోడ మీదా 1986 నీరు ఎక్కడిదాకా వచ్చింది, 2006 నీరు ఎక్కడిదాకా వచ్చింది, 2022 నీరు ఎక్కడిదాకా వచ్చింది అని పెద్దవాళ్ళని అడిగి రంగుతో గీత గీయండి. పక్కన అంకె రాయండి. ఆ గీత చూస్తే, చదువు రాని మనిషికి కూడా ఎప్పుడు కదలాలో తెలుస్తుంది.

చనిపోయేది ఎవరు, శిక్షణకి వెళ్ళేది ఎవరు?

2004 డిసెంబరు సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ కొన్ని లెక్కలు బయటపెట్టింది. తమిళనాడు కడలూరు జిల్లాలో చనిపోయిన వాళ్ళలో స్త్రీలు 391 మంది, పురుషులు 146 మంది. అలకి ఆడా మగా తేడా తెలియదు. తేడా మన బతుకుల్లో వుంది. ఆ వేళకి మగవాళ్ళు కొందరు పడవల మీద నడిసముద్రంలో వున్నారు. స్త్రీలు ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తూనో, ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూనో వున్నారు. ఈత రాదు, చెట్టెక్కడం రాదు, చంకలో బిడ్డ, కాళ్ళకి చుట్టుకునే చీర. 1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ తుఫానులో లక్షా 38 వేలమంది దాకా చనిపోతే అక్కడా స్త్రీలే ఎక్కువ. ఇంటాయన వచ్చి చెప్పేదాకా ఇల్లు కదలకూడదన్న కట్టుబాటు, మగవాళ్ళ మధ్య షెల్టరులో వుండటానికి జంకు, ఇవి కూడా ప్రాణాలు తీశాయి.

బంగ్లాదేశ్ వాళ్ళు దాన్నుంచి నేర్చుకున్నారు. 1970 తుఫానులో లక్షలమంది పోయాక, 1972లో అక్కడి ప్రభుత్వమూ రెడ్ క్రెసెంటూ కలిసి వూరి వలంటీర్ల వ్యవస్థ ఒకటి మొదలుపెట్టాయి. మైకు పట్టుకుని, జెండా ఎగరేసి, ఇంటింటికీ తిరిగి హెచ్చరిక చెప్పడం వాళ్ళ పని. మొదట్లో అందులో మగవాళ్ళే ఎక్కువ. తర్వాత స్త్రీలని చేర్చారు. ఇప్పుడు ఆ వలంటీర్లలో సగం స్త్రీలే. మగ వలంటీరు వాకిట్లో నిలబడి అరిచి వెళ్ళిపోతాడు, స్త్రీ అయితే లోపలికి వెళ్ళి బాలింతని లేపి తీసుకొస్తుంది. 2007లో సిడర్ తుఫానుకి అక్కడ చనిపోయింది సుమారు 3,400 మంది. 1991 లెక్కతో పోల్చి చూడండి. షెల్టర్లు కట్టడం, ముందస్తు సూచన మెరుగుపడటం ఇందులో వున్నాయి. తలుపు తట్టిన మనుషులూ వున్నారు.

మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపద మిత్ర అనే పథకం తెచ్చింది. మొదట 25 రాష్ట్రాల్లో వరదలొచ్చే 30 జిల్లాలు ఎంచుకుని జిల్లాకి 200 మంది చొప్పున 6 వేలమందికి శిక్షణ అనుకున్నారు. 2021లో దాన్ని 350 జిల్లాలకీ లక్షమందికీ పెంచారు. పన్నెండు రోజుల శిక్షణ, సామాను సంచి, బీమా. మంచి పథకమే. అయితే పన్నెండు రోజులు ఇల్లు వదిలి శిబిరంలో వుండాలంటే ఏ స్త్రీ వెళ్ళగలదు? పాలు తాగే బిడ్డ వున్నామె వెళ్ళగలదా? రోజు కూలి పోతే పొయ్యి వెలగని ఆమె వెళ్ళగలదా? వయసు 18 నుంచి 40 దాకా అంటే, వూళ్ళో అందరి ఇళ్ళూ తెలిసి, నలుగురూ మాట వినే నలభై అయిదేళ్ళ సంఘం లీడరుకి చోటు లేదు.

స్త్రీలు ముందుకు రావడం లేదు అని అధికారులు అంటారు. రాలేనట్టుగా ఏర్పాటు చేసి రావడం లేదంటే ఎలా? అదే శిక్షణని రెండేసి రోజుల చొప్పున, మండలంలోనే, పగటిపూట, పిల్లల్ని చూసుకునే మనిషిని పెట్టి, పోయిన కూలి ఇచ్చి నడపండి. అప్పుడు ఎంతమంది వస్తారో చూద్దాం.

శిక్షణలో ఏముండాలి?

శిక్షణ అనగానే మన స్త్రీలకి ఇచ్చే పని ఒకటుంది. పులిహోర పొట్లాలు కట్టడం. వంట చేయడం తప్పని నేననను, ఆకలిగొన్నవాళ్ళకి అన్నం పెట్టడం గొప్ప పనే. కానీ పడవ, మైకు, తాళం, జాబితా ఈ నాలుగూ మగవాళ్ళ చేతిలోనూ, గరిటె ఒక్కటీ మన చేతిలోనూ వుంటే దాన్ని శిక్షణ అనం. మన సంఘాలు అడగాల్సిన పాఠాలు నాలుగు రకాలు.

మొదటిది హెచ్చరిక. వాతావరణ శాఖ తుఫానుకి 48 గంటల ముందు ఒక హెచ్చరికా, 24 గంటల ముందు మరో హెచ్చరికా ఇస్తుంది. ఏది వినగానే ఏం చేయాలో పేటవారీగా ముందే రాసుకోవాలి. ఇరవై ఇళ్ళకి ఒక మనిషి బాధ్యత. వూరి చివర దళితపేటకీ, చెరువు గట్టు మీద వలస కూలీల పాకలకీ, ఇటుక బట్టీలకీ ముందు వెళ్ళాలి, ఎందుకంటే దండోరా అక్కడిదాకా వెళ్ళదు. ఇంకో సంగతి అందరికీ చెప్పాలి. తుఫాను కన్ను మన మీదుగా వెళ్ళేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు. కాసేపటికి ఎదురు దిక్కునుంచి అంతే గాలి మళ్ళీ కొడుతుంది. ఆ మధ్య విరామంలో ఎవర్నీ గడప దాటనివ్వకూడదు.

రెండోది జాబితా. ఎవరింట్లో నెలలు నిండిన గర్భిణి వుంది, ఎవరు మంచం మీద వున్నారు, కళ్ళు కనబడని వాళ్ళెవరు, ఒంటరి స్త్రీలెవరు, ఫిట్సుకో షుగరుకో రోజూ మందు వేసుకునే వాళ్ళెవరు. ఇది మన సంఘాలకి తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. అంగన్‌వాడీ టీచరూ ఆశా కార్యకర్తా కలిస్తే ఒక పూటలో తయారవుతుంది. నెలకోసారి సరిచూడాలి. ప్రసవం తేదీ దగ్గరపడిన వాళ్ళని మొదటి హెచ్చరికకే లంక దాటించాలి. పంటు ఆగిపోయాక 108 వాళ్ళు అవతలి ఒడ్డున నిలబడి ఏం చేస్తారు?

మూడోది చేతిపని. ఈత రాని మనిషి నీళ్ళలోకి దూకి కాపాడకూడదు. తాడు విసరాలి, గెడ అందించాలి. కొబ్బరి దింపు కార్మికుల మోకు, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు, ఇవే మన సామాను. బోర్లించిన బిందె పట్టుకుంటే మనిషి తేలుతుంది. నీళ్ళు మింగి వూపిరాగిన మనిషిని తలకిందులుగా తిప్పి పొట్ట నొక్కడం మానాలి. నోట్లో నోరు పెట్టి వూపిరి వూదడం, ఛాతీ మీద ముప్పైసార్లు నొక్కి రెండుసార్లు వూదడం ప్రతి వలంటీరూ బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. వరద తీశాక పాములొస్తాయి. కరిచిన చోట కోయకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు, నోటితో పీల్చకూడదు. ఆ చెయ్యీ కాలూ కదలకుండా వుంచి, విరుగుడు మందు వున్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి. ఏ ఆసుపత్రిలో వుందో ముందే కనుక్కోవాలి. విరేచనాలకి లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా వుప్పు. ఆడపిల్లలకి ఈత నేర్పించడం కూడా ఇందులో భాగమే. కాలవ గట్టున పుట్టిన పిల్లకి ఈత రాకపోవడం సహజమేమీ కాదు, మనం నేర్పకపోవడం.

కోనసీమలో వున్నవాళ్ళం ఇంకో ప్రమాదం సంగతి మరిచిపోకూడదు. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్ రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో పైపులోంచి కారిన గ్యాసు తెల్లవారుజామున అంటుకుని ఇరవైమందికి పైగా చనిపోయారు. పొద్దున్నే ఇంట్లో మొదటి నిప్పు వెలిగించేది స్త్రీయే. గ్యాసు వాసన వస్తే అగ్గిపుల్ల గీయకూడదు, స్విచ్చి వేయకూడదు, గాలికి అడ్డంగా నడిచి దూరం పోవాలి అనే పాఠం ముందు ఆమెకి అందాలి. పైపు ఏ పొలంలోంచి పోతోందో, ఫిర్యాదుకి ఎవరికి ఫోను చేయాలో బోర్డు మీద రాయించడం పంచాయతీ ద్వారా మనం అడగాలి.

నాలుగోది షెల్టరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. ఆ రోజు మీ వూళ్ళో తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది? మరుగుదొడ్డికి తలుపు వుందా, లోపల గడియ వుందా, దారిలో దీపం వుందా? బహిష్టు గుడ్డలు పెట్టారా? బిడ్డకి పాలివ్వడానికి చాటు వుందా? తాగి వచ్చిన వాణ్ణి బయటికి పంపే అధికారం ఎవరికుంది? దళితపేట వాళ్ళు లోపల కూర్చున్నారా, వరండాలో కూర్చున్నారా? ఈ ప్రశ్నలు రాసుకెళ్ళి జవాబు పట్టుకురండి. తాళం ఒకటి పంచాయతీలో వుంటే, రెండోది సంఘంలో వుండాలి. స్త్రీలకి షెల్టరు భయంగా వుంటే వాళ్ళు కూలబోయే ఇంట్లోనే వుండిపోతారు. కాబట్టి గడియ కూడా ప్రాణం నిలిపే వస్తువే.

సేవ పేరుతో చాకిరీ కాకూడదు

ఇక్కడ జాగ్రత్తగా ఒక మాట చెప్పాలి. మన దగ్గర స్వచ్ఛంద సేవ అనగానే స్త్రీల జీతం లేని చాకిరీ అనే అర్థం చాలా తొందరగా వస్తుంది. ఇప్పటికే అంగన్‌వాడీ, ఆశా, గ్రామ సమాఖ్య సహాయకుల మీద ఎన్ని రిజిస్టర్లు వున్నాయో మీకు తెలుసు. విపత్తు పని కూడా ఆ మోపు మీద మరో కట్టలా పడేయడానికి మనం ఒప్పుకోకూడదు. పని చేసిన రోజులకి కూలి, ప్రమాదానికి బీమా, వానకోటు, బూట్లు, టార్చిలైటు, రక్షణ జాకెట్టు, ఇవన్నీ మన హక్కుగా అడగాలి.

రెండోది, వలంటీర్లు వున్నారు గదా అని ప్రభుత్వం తప్పుకోకూడదు. గట్టు పటిష్టం చేయడం, కాజ్‌వే బదులు వంతెన కట్టడం, పడవలు సిద్ధంగా వుంచడం వలంటీర్ల పని కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం చదవండి. స్వచ్ఛంద రక్షక కార్యకర్తలకి శిక్షణ ఏర్పాటు చేయడం, ప్రజలకి శిక్షణా అవగాహనా కల్పించడం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ బాధ్యత అని 30వ సెక్షన్ చెబుతోంది. ఆ సంస్థకి కలెక్టరే అధ్యక్షులు. శిబిరాల్లో కనీస ప్రమాణాలు ఎలా వుండాలో, వితంతువులకీ అనాథలకీ ప్రత్యేక ఏర్పాట్లు ఏమిటో నిర్ణయించాలని 12వ సెక్షన్ చెబుతోంది. సహాయం ఇవ్వడంలో స్త్రీ పురుష భేదం, కులం, మతం చూడకూడదని 61వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి మనం కలెక్టరేటుకి వెళ్ళి అడిగేది దయ కాదు.

మూడోది. 2019 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ప్రతి 50 ఇళ్ళకి ఒక గ్రామ వలంటీరు వచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ కొనసాగలేదు. దాని మంచిచెడ్డలు ఇప్పుడు చర్చించను. మనం గమనించాల్సింది ఒకటే. ఒకరి ఉద్యోగంతో పాటు పోయే జాబితా మనకి పనికిరాదు. ప్రభుత్వాలు మారినా గోదావరి మాత్రం ఏటా వస్తుంది. మన రిజిస్టరు మన సంఘం పెట్టెలో వుండాలి, ఒక నకలు పంచాయతీలో వుండాలి.

నీళ్ళు తీశాక

వలంటీరు పని నీళ్ళు తీసిన రోజుతో అయిపోదు. అసలు పోరాటం అప్పుడే మొదలవుతుంది. నష్టాల జాబితా రాసే మనిషి వస్తాడు. ఇంటి యజమాని ఎవరు అంటాడు. పట్టా మగవాడి పేరున వుంటుంది. మొగుడొదిలేసిన ఆమె, తల్లిగారింట్లో ఓ వారపాకలో వుండే వితంతువు జాబితాకే ఎక్కరు. కౌలుకి చేసే స్త్రీకి పొలం మీద పేరు లేదు. ఆమె పోగొట్టుకున్న మేక, కుట్టుమిషను, చేపల బుట్ట ఏ గడిలోనూ పట్టవు. అందుకే జాబితా రాసేటప్పుడు పక్కన మన మనిషి వుండాలి. మన రిజిస్టరు తెరిచి, ఈ పాకలో ఒక ఆమె వుంది, రాయండి అని చెప్పాలి.

అన్నిటికంటే కష్టమైనది గల్లంతైన వాళ్ళ విషయం. వేటకి వెళ్ళినవాడు రాలేదు, శవం దొరకలేదు. ఏడేళ్ళపాటు కబురు లేకపోతేనే మరణించినట్టు భావించాలని సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పేది. 2023లో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 111వ సెక్షన్‌గా వుంది. ఈలోగా ఆమె భార్యా కాదు, వితంతువూ కాదు. పింఛను లేదు, పడవ అప్పు మాత్రం వుంది. ఆ రోజు ఆ పడవ మీద ఆ మనిషి వెళ్ళాడని చెప్పే కాగితం ఒకటుంటే అధికారుల ముందు ఆమె మాటకి బలం వస్తుంది. పడవ బయల్దేరేటప్పుడు దాని నంబరు, ఎవరెవరు ఎక్కారు, ఏ వేళకి వెళ్ళారు అని రేవు దగ్గర ఒక పుస్తకంలో రాయడం మత్స్యకార గ్రామాల్లో మన సంఘాలు చేయగలిగిన పని. చేపలు కొనడానికి రోజూ రేవులో వుండేది ఆ స్త్రీలే. రోజుకి పది నిమిషాల పని, ఒక కుటుంబాన్ని ఏడేళ్ళ నరకం నుంచి కాపాడవచ్చు.

మన ముందున్న పని

నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు రాత్రి బళ్ళకి వెళ్ళింది అక్షరాలు నేర్చుకోవడానికి. నేర్చుకుంటూ సారా గురించి ప్రశ్నించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఏదన్నా నేర్చుకోవడానికి పదిమంది స్త్రీలు ఒక చోట కూర్చుంటే ప్రశ్న పుట్టక మానదు. విపత్తు శిక్షణ కూడా అంతే. తాడు ముడి నేర్చుకోవడానికి వచ్చినామె, మా పేట ఎందుకు పల్లంలో వుంది అని అడుగుతుంది. ఈ ప్రశ్నలంటే భయం వున్నవాళ్ళే మనల్ని వంట దగ్గర కూర్చోబెడతారు.

మే నెలాఖరులోపు, అంటే వానలు పడకముందే, ప్రతి సంఘం చేయాల్సినవి చెప్పి ముగిస్తాను. వూరికి ఇరవైమందితో ఒక జట్టు, అందులో సగం స్త్రీలు, ప్రతి పేట నుంచీ ఒకరు. రేవులోనూ బడి గోడ మీదా నీటి గీతలు. గర్భిణులు, వృద్ధులు, వికలాంగులు, ఒంటరి స్త్రీల జాబితా. షెల్టరు రెండో తాళం కోసం పంచాయతీకి ఒక అర్జీ. మండలంలోనే శిక్షణ పెట్టమని, కూలీ బీమా ఇవ్వమని కలెక్టరుకి ఒక అర్జీ, దానికి రసీదు. 1077 జిల్లా కంట్రోలు రూము, 1070 రాష్ట్ర కంట్రోలు రూము, 112, 108, స్త్రీల కోసం 181, ఈ నంబర్లు ప్రతి ఇంటి తలుపు వెనక రాసి వుండాలి.

వచ్చే సమావేశానికి ఎవరూ ఉపన్యాసాలు తయారు చేసుకు రావద్దు. మీ వూరి రిజిస్టరు పట్టుకుని రండి. దాన్ని తెరిచి, ఎవరి పేరు రాయకుండా మిగిలిపోయిందో అందరం కూర్చుని చూద్దాం.